ఏనుగు తినని రంగు

నా ఆటో ఎనక సీటు ఎర్రగుంటాది.
రగతం కాదు బావూ, బయపడకండి.
జాఫ్రా.
తోటమానుగూడ నుంచి మెళియాపుట్టి సంతకి
మాగం నెలంతా మూటలు దింపినాను.
ఎన్ని సబ్బులరిగినా మరక ఒగ్గదు.

ఆరేళ్ల కిందట ఇదే సీటు
అనాసపళ్ల వాసనేసీది.
కావిడి కొండ దిగేసరికి మద్దినం,
మద్దినానికి సగం పళ్లు మెత్తబడిపోయీవి,
సావుకారు ముక్కు మూసుకొని రేటు సెప్పీవోడు.
దింపిన సరుకు మళ్లీ ఎత్తుకెళ్లలేరని
ఆడికి తెలుసు.
ఆ డబ్బులు సూసినాక
కిరాయి అడగడానికి నాకే నోరొచ్చీది కాదు.

అప్పుడొచ్చినాయి
ఒడిసా కొండల దిక్కు నుంచి ఏనుగులు.
నాలుగే. అందులో ఒకటి గున్న.
ఒక్క రాత్తిరి.
అనాసతోట, అరటి, గాదిలో సోళ్లు,
సవర గయ్యారమ్మ ఇంటి గోడ.

తెల్లారి ఆ గోడ మట్టి మీద కూకొని
ఆవిడ ఏడవనేదు.
ఏటి తినీసినాయి, ఏటి ఒగ్గేసినాయి
ఏళ్లు మడిసి లెక్కెట్టింది.
కంచెలో ముల్లుకాయల సెట్టొకటి,
పిల్లలు గింజలు నలిపి మొకానికి పూసుకునీది,
దాని జోలికి ఒక్కటీ ఎల్లనేదు.
తొండం ఎట్టి, వాసన సూసి,
తల తిప్పుకొని పోనాయట.
మేకలూ తినవు. మనిసీ తినడు.
"అయితే అదే ఏసీద్దుం" అంది.

గూడంతా నవ్వింది.
మొగుడు సొంబుర మరీ నవ్వినాడు,
"రంగు వొండుకు తింటావేటే?"
నానూ నవ్వినాను. అబద్దం ఏల.

పోడు కొట్టి కొట్టి
ప్రతి వానకీ ఎర్రమన్ను గెడ్డలోకి జారిపోయే
ఆ వాలు మీదే నాటింది.
ఒకదాని తరవాత ఒకటి పదకొండు ఇళ్లోళ్లు.
మూడో ఏడుకి కాయ.
ఎండబెట్టి, కర్రలతో కొట్టి, సేటల్తో సెరిగి
ఆడోళ్ల సేతులు మోసేతి దాకా ఎరుపు.

మొదటి మూట సంతకెల్లిన రోజు
సావుకారు గుప్పెడు గింజలు తీసి, పారబోసి,
పాత అనాసపళ్ల గొంతుతోనే రేటు సెప్పినాడు.
"ఎత్తు" అంది గయ్యారమ్మ నాతో.
"ఏటప్పా?"
"మూట ఎత్తు. ఇది మెత్తబడదు. కుళ్లదు.
అటకెక్కిస్తే ఆరు నెల్లుంటాది."

సంత నుంచి సరుకు ఎనక్కి కొండెక్కడం
నా ఆటో పుట్టినాక అదే మొదలు.
ఆ రోజు కిరాయి తీసుకోనేదు.
లేదు లేదు, సగం తీసుకున్నాను.

తరవాత ఆలే కాటా కొనుక్కున్నారు.
కోడలు సుగ్గి పదో తరగతి సదివింది,
పోనులో రేట్లు అడుగుతాది.
వైజాగు నుంచి కొనేవోడొకడొచ్చినాడు,
వెన్నకీ మిఠాయికీ రంగేస్తారట.
సముద్రాల కవతల ఏదో కొండజనం మొక్కట ఇది,
ఒంటికి పూసుకునీవోరట, కూట్లోనూ కలుపుకునీవోరట.
గయ్యారమ్మ అడిగింది,
"ఆల కొండకీ ఏనుగులొస్తాయేటి?"
"రావు."
కాసేపు ఆలోసించి,
"సావుకార్లుంటారులే" అంది.

ఇదంతా ఇని
సొర్గం దిగిపోనాదనుకోకండి.
నిరుడు అకాల వానకి సగం గింజ బూజుపట్టింది.
అందుకే సెట్ల కింద కందులు,
గట్టవతల ఒక సెక్క సోళ్లు.
మొగుడు ఎటకారానికన్నమాట
ఇప్పుడు ఆవిడే నెమ్మదిగా అంటాది,
"రంగుతో అంబలి అవదు కదా."
అడివంచున ఒక వరస అనాస కూడా ఒగ్గీసింది.
ఎవరికప్పా అంటే
"గున్నకి."

నిన్న బడి మేస్టారు
తెల్ల పేంటుతో ఎక్కినారు.
దిగి, ఎనక్కి సూసుకొని, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినారు.
నాదే తప్పు.
రగతం కాదు బావూ, బయపడకండి, అన్నాను గాని
కూకోకండి అననేదు.